మాస్క్ వదులైందని చూశాను, నోరు తెరవలేదు... ఇప్పుడు కోర్సు మారాలా?

పేరు వేయవద్దని కోరుతూ ఒక విద్యార్థిని చాలా వివరంగా ఉత్తరం రాశారు. మొత్తం వేయడం కుదరదు కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆమె యూనివర్సిటీలో రేడియేషన్ థెరపీ డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నారు. మొదటి ఏడాది ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ క్లాసులన్నీ జనరల్ సైన్స్ వాళ్లతో కలిపే జరిగాయి. ఫిజిక్స్‌లో క్లాస్ ఫస్ట్ ఆమే. "నువ్వు అక్కడేం చేస్తున్నావ్, మా దగ్గరికి వచ్చెయ్" అని ఫిజిక్స్ లెక్చరర్ ఒకటికి రెండుసార్లు అన్నారట. జనరల్ సైన్స్‌కు మారడానికి ఇంకా నెలన్నర గడువుంది.

ఈ ఏడాది హాస్పిటల్ పోస్టింగ్ మొదలైంది. అక్కడ గొంతు క్యాన్సర్ ఉన్న ఒక పెద్దాయనకు 35 సిట్టింగుల ట్రీట్‌మెంట్ నడుస్తోంది. నాలుగో వారం వచ్చేసరికి మింగుడు పడక ఆయన బాగా చిక్కిపోయారు. ఒకరోజు, ట్రీట్‌మెంట్‌లో తల కదలకుండా ఉంచే మాస్క్‌ను ఆయన ముఖానికి బిగిస్తుంటే దవడ దగ్గర తన రెండు వేళ్లు సులువుగా లోపలికి దూరాయని ఆమె గమనించారు. పక్కనున్న సీనియర్ థెరపిస్ట్ వైపు చూశారు. "పర్లేదు, రేపు చూద్దాం, బయట ఇంకా చాలామంది ఉన్నారు" అన్నారాయన. ట్రీట్‌మెంట్ అయిపోయింది. మర్నాడూ అదే తంతు. మూడో రోజు డ్యూటీకి వచ్చిన ఇంకో థెరపిస్ట్ మాస్క్ చూసి ఆపేశారు, డాక్టర్‌ను పిలిచారు, మళ్లీ స్కాన్ తీసి కొత్త మాస్క్ చేశారు. గడిచిన ఆ రెండు రోజుల గురించి ఈమెను ఎవరూ అడగలేదు, ఈమె చెప్పలేదు. కొత్త మాస్క్ బిగించిన రోజు ఆ పెద్దాయన "నువ్వైతే జాగ్రత్తగా చేస్తావమ్మా" అన్నారట. అప్పట్నుంచి సరిగా నిద్ర పట్టడం లేదు.

ఇదే సెమిస్టర్‌లో 'సామాజిక బాధ్యత' అనే తప్పనిసరి పేపర్ ఒకటుంది. ఆ క్లాసులో వెనక బెంచీలో కూర్చుని ఫిజిక్స్ లెక్కలు చేసుకునేదాన్నని ఆమే రాశారు. ఇప్పుడు ఆ పేపర్‌కు అసైన్‌మెంట్ ఇచ్చారు: మీ చదువులో మీకు ఎదురైన ఒక నైతిక సందిగ్ధం గురించి రాయండి. ఈ సంఘటన రాద్దామంటే, "పిచ్చిదానా, నీ లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేది ఆ సీనియరే" అని స్నేహితురాలు ఆపింది. ఇంట్లో అమ్మ భయం వేరే: "ఆ కరెంటు పెట్టే గదుల్లో పనిచేస్తే రేపు నీకు పిల్లలు పుడతారా?"

"స్టూడెంట్ మాట ఎవరు వింటారు? నేను ఈ పనికి పనికిరానేమో. ఫిజిక్స్‌కు వెళ్లిపోతే కనీసం ఎవరి ప్రాణంతోనూ సంబంధం ఉండదు కదా. మారిపోమంటారా?" అని అడుగుతున్నారు.

సమాధానం:

కోర్సు మారాలా వద్దా అన్నది ఒక ప్రశ్న. ఆ రెండు రోజుల సంగతి చెప్పాలా వద్దా అన్నది ఇంకో ప్రశ్న. మీరు మొదటిదాన్ని రెండోదానికి జవాబుగా వాడుకోబోతున్నారని నా అనుమానం. అలా మారితే, ఫిజిక్స్ మీద ఇష్టంతో మారారో ఆ గది నుంచి తప్పించుకోవడానికి మారారో రేపు మీకే తేలదు. అందుకని ఈ రెండింటినీ విడదీసి చూద్దాం. ముందు మాస్క్ సంగతి, ఎందుకంటే దానికి మీ యూనివర్సిటీ గడువుతో పనిలేదు.

అసలు ఆ రెండు వేళ్ల సందు ఎంత పెద్ద విషయం? మీరు దీన్ని రెండు రకాలుగా ఊహించుకుని ఉంటారు. పగలు "ఏం కాదులే" అని, రాత్రి "ఆయనకేమైనా అయితే నాదే పాపం" అని. నిజం ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. అదెక్కడో మీరూ నేనూ కూర్చుని తేల్చలేం, కానీ ఎలా తేలుతుందో చెప్పగలను.

తల, మెడ క్యాన్సర్లకు మామూలుగా సిట్టింగ్‌కు 2 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ డోస్ కొలత) చొప్పున 35 సిట్టింగుల్లో మొత్తం 70 గ్రేలు ఇస్తారు. గడ్డకు అంత పడాలి. కానీ దాని వెనకే కాస్త దూరంలో వెన్నుపాము ఉంటుంది. అది తట్టుకోగలిగేది సుమారు 45 నుంచి 50 గ్రేల వరకే. అంటే ఆ కొద్దిపాటి దూరంలోనే డోస్ బాగా తగ్గిపోయేలా ప్లాన్ గీస్తారు. తల కదలకుండా ఉంటుందన్న నమ్మకం మీదే ఆ ప్లాన్ నిలబడుతుంది. ఆ నమ్మకాన్ని నిలిపేది మాస్క్. అయినా మనిషి శరీరం బొమ్మ కాదు కాబట్టి, చుట్టూ 3 నుంచి 5 మిల్లీమీటర్ల మార్జిన్ ముందే కలిపి ఉంచుతారు.

మీరు క్లాసులో చదివే ఉంటారు, సెటప్‌లో, అంటే పేషెంట్‌ను రోజూ అదే భంగిమలో పడుకోబెట్టడంలో, వచ్చే తేడాలు రెండు రకాలు. ఒకరోజు అటు, ఒకరోజు ఇటు వచ్చే తేడా అయితే 35 రోజుల మీద చాలావరకు సర్దుకుపోతుంది. రోజూ ఒకేవైపు వచ్చే తేడా అలా సర్దుకోదు, పోగుపడుతుంది. చిక్కిపోయిన మనిషికి వదులైన మాస్క్ పెడితే వచ్చేది ఈ రెండో రకం కావచ్చు. రెండు సిట్టింగులతో ఆగింది కాబట్టి పెద్ద నష్టం జరిగే అవకాశం తక్కువే. ఇంతకంటే గట్టిగా నేను చెప్పకూడదు, చెబితే అది మిమ్మల్ని ఊరడించడానికి చెప్పినట్టే అవుతుంది. కచ్చితంగా చెప్పగలిగేది అక్కడ డోస్ లెక్కలు చూసే ఫిజిసిస్ట్. ఆ రెండు రోజులూ ట్రీట్‌మెంట్‌కు ముందు కోన్ బీమ్ సీటీ (ఆ బల్ల మీదే తీసే స్కాన్) తీసి ఉంటే ఆ చిత్రాలు సిస్టమ్‌లో ఉంటాయి. వాటి మీద డోస్ మళ్లీ లెక్కగట్టవచ్చు. వెన్నుపాముకు కాస్త ఎక్కువ పడిందని తేలితే మిగిలిన సిట్టింగుల ప్లాన్‌లో దాన్ని సర్దుబాటు చేసే వీలుంది. కొత్త ప్లాన్ గీసినవాళ్లకు ఆ రెండు రోజుల సంగతి తెలియకపోతే ఆ లెక్క ఎవరూ వేయరు. ఆయన సిట్టింగులు ఇంకా నడుస్తున్నాయి కాబట్టే ఇది ఈ వారం పని అంటున్నాను.

ఇంకో మాట కూడా ఆలోచించండి. సీనియర్ నిజంగానే నిర్లక్ష్యం చేశారా? మీ కంటికి కనిపించింది మాస్క్. బయట మెషిన్ నడిపే కన్సోల్ దగ్గర ఆయన కంటికి స్కాన్ చిత్రం కనిపించి ఉండవచ్చు. ఎముకలు ప్లాన్‌లో ఉన్నచోటే ఉన్నాయని, తేడా మార్జిన్ లోపలే ఉందని చూసుకుని "పర్లేదు" అని ఉండవచ్చు. లేదా అదేమీ చూడకుండా బయట క్యూ చూసి అని ఉండవచ్చు. ఆయన ఏం చూశారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీకు తెలియదనే అనుకుంటున్నాను. తెలియనప్పుడు ఫిర్యాదుగా కాకుండా ప్రశ్నగా అడిగే సౌలభ్యం మీకుంది. స్టూడెంట్‌గా ఉన్నన్నాళ్లే ఈ సౌలభ్యం. ఉద్యోగంలో చేరాక "నాకు తెలియక అడుగుతున్నాను" అనే మాట అంత తేలిగ్గా నోటికి రాదు.

దారులు కొన్ని ఉన్నాయి.

ఒకటి, నేరుగా ఆ సీనియర్‌నే అడగడం. "సార్, ఆ రోజు మాస్క్ దవడ దగ్గర వదులుగా ఉన్నట్టు నాకనిపించింది. అలాంటప్పుడు ఎంతవరకు ఫర్వాలేదు, ఎప్పుడు ఆపాలి? ఆ రెండు రోజుల సంగతి ఫిజిసిస్ట్ గారికి తెలుసా?" మంచివాడైతే కూర్చోబెట్టి చిత్రాలు చూపిస్తారు. ఒకవేళ మర్చిపోయి ఉంటే, తనే వెళ్లి నోట్ చేయించే అవకాశం ఆయనకు దక్కుతుంది. ఎవరి పరువూ పోదు. కానీ ఆయన ముఖం మాడ్చుకుని "నీకెందుకు" అంటే ఆ తర్వాత మీరు పైకి వెళ్లడం మరింత కష్టమవుతుంది, ఎవరు వెళ్లారో ఆయనకు తెలిసిపోతుంది కాబట్టి. ఆయన స్వభావం మీకు తెలుసు, నాకు తెలియదు. ఇందులో తీర్పు మీదే.

రెండోది, మీ పోస్టింగ్ చూసుకునే కోఆర్డినేటర్ దగ్గరికి వెళ్లడం. నన్నడిగితే మీలాంటి స్థితిలో ఎక్కువమందికి సరిపడేది ఇదే. ఆ మనిషి యూనివర్సిటీ తరఫున ఉంటారు. లాగ్‌బుక్ సంతకం విషయంలో కక్ష సాధింపు జరగకుండా చూడటం వాళ్ల పనిలో భాగం. అవసరమైతే ఆ సంతకం వేరొకరి చేత పెట్టించే వీలూ వాళ్లకుండవచ్చు. కాకపోతే ఒకసారి చెప్పాక విషయం మీ చేతుల్లో ఉండదు. వాళ్లు హాస్పిటల్‌కు చెబుతారు, ఎవరో మిమ్మల్ని పిలిచి అడుగుతారు, మీరు తేదీలతో సహా చెప్పాల్సి వస్తుంది. అందుకని ఇప్పుడే, జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడే, ఏ రోజు ఏం చూశారో, ఎవరు ఏమన్నారో ఒక కాగితం మీద రాసుకోండి. పేషెంట్ పేరు, నంబర్ మాత్రం ఆ కాగితం మీదికి ఎక్కించవద్దు. పేషెంట్ ఎవరన్నది కోఆర్డినేటర్‌కు నోటితో చెప్పండి.

మూడోది, డిపార్ట్‌మెంట్‌లో ఇన్సిడెంట్ రిపోర్ట్ రాసే పద్ధతి ఉంటే అందులో రాయడం. చాలా రేడియోథెరపీ సెంటర్లలో ఇలాంటి ఫారం ఉంటుంది. నష్టం జరిగితేనే రాయాలని లేదు, జరగబోయి తప్పినవి కూడా అందులో రాస్తారు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అయితే సాఫ్రాన్ (SAFRON) పేరుతో ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి సంఘటనలు సేకరిస్తుంది. ఎవరిది తప్పు అని కాకుండా ఎక్కడ జారింది అని చూడటం దాని పద్ధతి. స్టూడెంట్లు నేరుగా రాయవచ్చా అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, కనుక్కోండి. పేరు లేకుండా రాసే వీలున్నా, ఆ రెండు రోజులూ ఆ గదిలో ఉన్నది ఇద్దరే అయినప్పుడు పేరు లేకపోవడం పెద్ద రక్షణేమీ కాదు.

నాలుగోది, ఊరుకోవడం. దాన్నీ దారుల్లోనే లెక్కేస్తున్నాను, ఎందుకంటే చాలామంది ఎంచుకునేది అదే, మీరు ఎంచుకున్నా లోకం తలకిందులు కాదు. కొన్నాళ్లకు నిద్ర కూడా పట్టవచ్చు. నా భయం ఆ నిద్ర గురించే. మొదటిసారి నోరు మెదపకుండా గడిచిపోతే రెండోసారి అంత బాధ ఉండదు, మూడోసారి మీ వేళ్లు ఆ సందును గమనించడమే మానేస్తాయి. ఇప్పుడు మీకు "పర్లేదు" అన్న సీనియర్ కూడా ఒకప్పుడు మీలాగే కంగారుపడి ఉంటారేమో, ఎవరికి తెలుసు.

"స్టూడెంట్ మాట ఎవరు వింటారు" అని మీరు రాసిన వాక్యం దగ్గర కాసేపు ఆగుతాను. థెరాక్-25 అనే రేడియేషన్ ట్రీట్‌మెంట్ మెషిన్ గురించి మీ క్లాసులో చెప్పి ఉంటారు, చెప్పకపోతే చెప్పాల్సింది. 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి ఆ మెషిన్ విపరీతమైన డోస్ ఇచ్చేసింది, వాళ్లలో కొందరు చనిపోయారు. అంతకుముందు మోడల్‌లో ఉన్న హార్డ్‌వేర్ రక్షణలు తీసేసి, అంతా సాఫ్ట్‌వేర్‌కే వదిలేశారు. 1986 మార్చిలో టెక్సస్‌లోని టైలర్ అనే ఊళ్లో ప్రమాదం జరిగితే కంపెనీ ఇంజినీర్లు వచ్చి చూశారు, లోపం వాళ్లకు దొరకలేదు. మెషిన్ మళ్లీ పనిలో పెట్టారు. మూడు వారాలు తిరిగేసరికి అక్కడే ఇంకో పేషెంట్ బలయ్యారు. రెండుసార్లూ తెర మీద కనిపించింది 'మాల్‌ఫంక్షన్ 54' అనే ముక్క మాత్రమే. దాని అర్థం మాన్యువల్‌లోనూ సరిగా లేదు.

చివరికి లోపం ఎలా బయటపడిందంటే, మెషిన్ నడిపిన ఆపరేటర్ ఆ రోజు తను ఏ కీ తర్వాత ఏ కీ నొక్కిందో గుర్తుచేసుకుని చెప్పింది. బీమ్ రకం ఎక్స్-రే అని పొరపాటున కొట్టి, వెంటనే పైకి వెళ్లి ఎలక్ట్రాన్‌గా మార్చి, చకచకా కిందికి వచ్చేసింది. హాస్పిటల్ ఫిజిసిస్ట్, ఆమె కలిసి ఆ వరుసను పదేపదే ప్రయత్నించారు. అలవాటైన చేతి వేగంతో కొడితేనే ఆ ఎర్రర్ వస్తోందని అప్పుడు తేలింది. నెమ్మదిగా ఒక్కో కీ నొక్కి పరీక్షించేవాళ్లకు అది ఎప్పటికీ దొరికేది కాదు. గదిలో ఉండి చేత్తో పని చేసిన మనిషి చెప్పిన వివరమే అక్కడ పనికొచ్చింది. మీ రెండు వేళ్లు కూడా అలాంటి వివరమే, చిన్నదైనా సరే. అది రిపోర్టుల్లో ఎక్కడా ఉండదు.

ఇప్పుడు అసైన్‌మెంట్ సంగతి. సామాజిక బాధ్యత పేపర్ చాలాచోట్ల చప్పగా చెబుతారు, ఆ మాటలో మీతో నాకేం గొడవ లేదు. పెద్ద పెద్ద మాటలు స్లైడ్ల మీద పెట్టి చదివేస్తే వెనక బెంచీలో లెక్కలు చేసుకోక ఏం చేస్తారు? కానీ ఈ ఉత్తరం రాస్తూ మీరు ఆ సిలబస్‌లోనే ఉన్నారు, అది గమనించారో లేదో.

ఈ సంఘటన అందులో రాయాలా? రాయవచ్చు, కానీ చెప్పాల్సినవాళ్లకు చెప్పాక. అసైన్‌మెంట్ చదివేది ఆ పేపర్ చెప్పే లెక్చరర్. ఆ పెద్దాయన ప్లాన్ మార్చగల మనిషి కాదు. ముందు అక్కడ రాసేస్తే "నేను చెప్పేశాను" అన్న తృప్తి మీకు దక్కుతుంది, ఆయనకు మాత్రం ఏమీ ఒరగదు. పైగా పేషెంట్ గోప్యత ఉంది. వయసు, జబ్బు, వారం, హాస్పిటల్ రాస్తే పేరు లేకపోయినా పోల్చుకునేవాళ్లు పోల్చుకుంటారు. రాసేటట్లయితే అవన్నీ మార్చి లేదా తీసేసి రాయండి. సీనియర్‌ను విలన్‌గా చూపించవద్దు. మీరు ఎందుకు నోరు తెరవలేదో దాని మీద ఎక్కువ రాయండి, అక్కడే సరుకుంది. క్యూ ఒత్తిడి, లాగ్‌బుక్ సంతకం, ఆయన అనుభవం మీద గౌరవం, మీ మీద మీకు నమ్మకం లేకపోవడం, ఇవి ఒక్కొక్కటీ ఎంతెంత పనిచేశాయో నిజాయితీగా విప్పి రాస్తే ఆ పేపర్‌లో మీకంటే బాగా రాసేవాళ్లుండరు. చెప్పే ధైర్యం ఇంకా రాలేదనిపిస్తే, ఇప్పటికి వేరే అంశం తీసుకోండి. బ్రెజిల్‌లోని గొయానియా ఉంది. మూతపడిన ఒక క్లినిక్‌లో వదిలేసిన, రేడియేషన్ ఇచ్చే సీజియం ఉన్న పరికరాన్ని 1987లో పాత సామాను ఏరుకునేవాళ్లు పట్టుకెళ్లి విప్పితే నలుగురు చనిపోయారు, 249 మందికి కాలుష్యం అంటింది. మెషిన్ వాడటం ఆపేసినంత మాత్రాన దాని బాధ్యత ఆగదు అనడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

"ఫిజిక్స్‌కు వెళ్తే ఎవరి ప్రాణంతోనూ సంబంధం ఉండదు" అన్నారు చూశారూ, అది చదివి నాకు జోసెఫ్ రాట్‌బ్లాట్ గుర్తుకొచ్చారు. వార్సాలో పుట్టిన ఫిజిసిస్ట్. అణుబాంబు తయారుచేసే మన్‌హాటన్ ప్రాజెక్టులో పనిచేస్తూ, జర్మనీ బాంబు చేయడం లేదని స్పష్టమయ్యాక 1944 చివర్లో మనస్సాక్షి ఒప్పక బయటికి వచ్చేశారు. వెళ్లేటప్పుడు అసలు కారణం తోటివాళ్లకు చెప్పకూడదని ఆయనకు షరతు పెట్టారు. ఆ తర్వాత లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూస్ హాస్పిటల్ మెడికల్ కాలేజీలో చేరి, శరీరం మీద రేడియేషన్ ప్రభావాల మీద పని చేశారు. అంటే మీరు ఇప్పుడు వదిలేద్దామనుకుంటున్న వైపుకే ఆయన వచ్చారు. 1955లో అణ్వాయుధాలకు వ్యతిరేకంగా వచ్చిన రసెల్-ఐన్‌స్టైన్ ప్రకటన మీద సంతకం పెట్టారు, 1957లో అణ్వాయుధాల ముప్పు మీద శాస్త్రవేత్తలు కలిసే పగ్‌వాష్ సమావేశాలు మొదలుపెట్టినవాళ్లలో ఒకరు, 1995లో ఆ సంస్థతో కలిపి నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. ఆయన్ను తెచ్చింది మిమ్మల్ని అంతటివారు కమ్మని కాదు. ఫిజిక్స్ అనగానే చేతికి మట్టి అంటని చోటు అనుకోవద్దని చెప్పడానికి. బాంబుల దాకా ఎందుకు, మామూలు ల్యాబ్‌లో కూడా "ఆ రీడింగ్ సరిగా రాలేదు, వదిలెయ్" అనే సీనియర్ ఒకరుంటారు. మాస్క్ ఉండదు, పేషెంట్ ఉండరు, ఆ మాట మాత్రం ఉంటుంది.

అమ్మగారి భయం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది అన్నిటికంటే తేలిగ్గా తీరేది. లినాక్ (ఈ ట్రీట్‌మెంట్‌కు ఎక్కువగా వాడే మెషిన్) నుంచి రేడియేషన్ వచ్చేది దాదాపుగా బీమ్ ఆన్‌లో ఉన్నప్పుడే. ఆ సమయంలో మీరు మీటరు పైచిలుకు మందం కాంక్రీటు గోడకు ఇవతల ఉంటారు. తలుపు తెరిస్తే బీమ్ ఆగిపోతుంది. కోబాల్ట్ మెషిన్లలో, బ్రాకీథెరపీలో (గడ్డ లోపలో, పక్కనో పెట్టి చేసే ట్రీట్‌మెంట్) వాడే రేడియోధార్మిక పదార్థాల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం, అవి ఎప్పుడూ రేడియేషన్ ఇస్తూనే ఉంటాయి కాబట్టి. అందుకే వాటిని కవచంలో ఉంచుతారు. ఈ పనిచేసేవాళ్లకు అంతర్జాతీయంగా సిఫార్సు చేసిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (శరీరానికి అందే రేడియేషన్ కొలత). ప్రకృతి నుంచి ప్రతి మనిషికీ ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2.4 ఎలాగూ అందుతుంది. లినాక్ దగ్గర పనిచేసేవాళ్లలో చాలామంది బ్యాడ్జి (ఒంటికి అందిన రేడియేషన్‌ను కొలిచేది) రీడింగు ఆ 20కి దరిదాపుల్లోకి కూడా రాదు. గర్భవతిగా ఉన్నప్పుడు ముందే తెలియజేస్తే నియమాలు ఇంకా కట్టుదిట్టం, కడుపులో బిడ్డకు మిగిలిన నెలలన్నిటికీ కలిపి 1 మిల్లీసీవర్ట్ దాటకుండా చూస్తారు. హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బతికి బయటపడ్డవాళ్లకు ఆ తర్వాత పుట్టిన పిల్లలను దశాబ్దాల తరబడి పరిశీలించారు, వాళ్లలో జన్యులోపాలు స్పష్టంగా పెరిగినట్టు తేలలేదు. ఇవన్నీ అమ్మకు అప్పజెప్పనక్కర్లేదు. మీ బ్యాడ్జి రిపోర్టు వచ్చినప్పుడు తెచ్చి చూపించండి చాలు.

ఇక కోర్సు. "నేను ఈ పనికి పనికిరానేమో" అన్న వాక్యాన్ని నేను ఒప్పుకోను. పనికిరానివాళ్ల వేళ్లకు ఆ సందు తగలదు. అలాగని థెరపీలోనే ఉండిపొమ్మనీ అనడం లేదు. ఫిజిక్స్ మీద మీ ఇష్టం నిజమైనదే, ఉత్తరంలో ఇన్వర్స్ స్క్వేర్ లా (దూరం పెరిగేకొద్దీ రేడియేషన్ ఎంత తగ్గుతుందో చెప్పే సూత్రం) గురించి రాసిన నాలుగు వాక్యాల్లోనే అది కనిపిస్తోంది.

జనరల్ సైన్స్‌కు మారితే ముందుకు దారి విశాలంగా ఉంటుంది, కానీ పొడుగ్గా ఉంటుంది. డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగం అంత సూటిగా దొరకదు. పరిశోధన వైపు వెళ్లవచ్చు, టీచింగ్ వైపు వెళ్లవచ్చు. లేదా ఫిజిక్స్ డిగ్రీ మీద మెడికల్ ఫిజిక్స్‌లో మాస్టర్స్, ఆపైన హాస్పిటల్ ట్రైనింగ్ చేసి, తిరిగి ఇదే డిపార్ట్‌మెంట్‌కు ఫిజిసిస్ట్‌గా రావచ్చు. ఆ పెద్దాయన డోస్ మళ్లీ లెక్కగట్టే మనిషి అవుతారన్నమాట. ఆ ఉద్యోగంలో పేషెంట్ల ముఖాలు తక్కువ, వాళ్ల అంకెలు ఎక్కువ. మీకు అది ఊరటా, లోటా అన్నది ఆలోచించుకోవాలి.

థెరపీలోనే కొనసాగితే చదువు త్వరగా పనికొస్తుంది, చేతిలో వృత్తి ఉంటుంది. రోజూ మనుషులు, రోజూ అదే క్యూ, కొందరు చివరి సిట్టింగ్ దాకా రారు. ఆ దుఃఖం అలవాటవుతుందని చెప్పను, దాన్ని మోయడం మాత్రం నేర్చుకుంటారు. ఫిజిక్స్ ఆకలి తీరని థెరపిస్టులు ట్రీట్‌మెంట్ ప్లానింగ్ వైపు, డోసిమెట్రీ (డోస్ లెక్కలు వేసే పని) వైపు వెళ్తుంటారు. ఇది మధ్యేమార్గం. ఇందులో ఒక మెలిక ఉంది: డిగ్రీ అయ్యాక మెడికల్ ఫిజిక్స్ మాస్టర్స్‌కు వెళ్దామనుకుంటే, రేడియేషన్ థెరపీ డిగ్రీలో మ్యాథ్స్, ఫిజిక్స్ పేపర్లు చాలవని చాలాచోట్ల తీసుకోరు. ఆ ఆలోచన కొంచెమైనా ఉంటే, ఉన్న కోర్సులోనే అదనంగా ఆ పేపర్లు చదవనిస్తారేమో ఇప్పుడే అడగాలి.

గడువుకు నెలన్నర ఉంది కదా. ఫిజిక్స్ లెక్చరర్‌ను కలిసి, ఆయన అభిమానాన్ని పక్కనపెట్టి, మీ పాత క్రెడిట్లలో ఎన్ని లెక్కలోకి వస్తాయో ఆఫీసు నుంచి కాగితం మీద తెప్పించుకోండి. మెడికల్ ఫిజిక్స్ మాస్టర్స్‌కు ఏయే పేపర్లు కావాలో కూడా. అలాగే ఈ పోస్టింగ్‌లో కొన్ని రోజులు ఫిజిసిస్టుల దగ్గర కూర్చోవడానికి అనుమతి అడగండి. పొద్దున్నే, పేషెంట్లు రాకముందు వెళ్లండి. మెషిన్ వార్మప్ అయ్యాక ఆ రోజు రేడియేషన్ ఔట్‌పుట్ ఎంత వచ్చిందో చూస్తారు, 3 శాతం దాటి తేడా కనిపిస్తే ఆ తేడా ఎందుకొచ్చిందో తేలేదాకా ఎవరినీ బల్ల ఎక్కించరు. తర్వాత గంటల తరబడి తెర ముందు కూర్చుని ప్లాన్లు సరిచూస్తారు. ఆ పని చూస్తూ మీకు టైమ్ తెలియకపోతే అదొక రకం జవాబు. తొమ్మిదయ్యేసరికి మీ చూపు మాటిమాటికీ ట్రీట్‌మెంట్ గది తలుపు వైపు పోతుంటే అది ఇంకో రకం జవాబు.